సత్యప్రకాష్ ఎందుకు కాల్చలేదు

గుమ్మడిగెడ్డ దగ్గర వ్యాను కానిస్టేబుల్ తాతాజీని గుద్దేసి పోయిన రోజున, చేతిలో రైఫిల్ ఉండి కూడా హెడ్ కానిస్టేబుల్ సత్యప్రకాష్ ఎందుకు కాల్చలేదన్న ప్రశ్న నర్సీపట్నంలో చాలాకాలం తిరిగింది. పోలీసు క్వార్టర్స్‌లో మొదలై అబీద్ సెంటర్ టీ కొట్ల దాకా, అక్కణ్ణించి చర్చి గుమ్మం దాకా వెళ్ళింది. ఎవరికి తోచిన జవాబు వాళ్ళు చెప్పుకున్నారు. ఆయన చెప్పిన జవాబు మాత్రం ఎవరూ తీసుకోలేదు.

సత్యప్రకాష్‌ది కోటవురట్ల. తండ్రి అక్కడి మిషన్ బడిలో డ్రిల్లు మాస్టరు. కొడుకు డిగ్రీ మధ్యలో వదిలేసి కానిస్టేబుల్‌గా చేరాడు, నెమ్మది మీద హెడ్ కానిస్టేబుల్ అయ్యాడు. భార్య ప్రేమజ్యోతి నర్సీపట్నంలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో నర్సు. పిల్లలు లేరు. డిపార్ట్‌మెంటులో ఆయనకు రెండు సంగతుల్లో పేరుంది. ఒకటి గురి. జిల్లా పోలీసులకు ఫైరింగ్ పోటీలు ఎప్పుడు పెట్టినా మెడల్ లేకుండా తిరిగొచ్చేవాడు కాదు. రెండోది, పట్టుకొచ్చినవాళ్ళ మీద చెయ్యి చేసుకోకపోవడం. అందుకని తోటివాళ్ళు వెటకారంగా 'పాస్టరు గారు' అనేవారు. స్టేషన్‌లో ఎవరినైనా కొట్టడం మొదలైతే ఆయన అడ్డుపడేవాడు కాదు, అలాగని తానూ ఓ దెబ్బ వేసేవాడు కాదు. లేచి బయటికి వెళ్ళి టీ తాగి, కేకలు ఆగాక లోపలికి వచ్చేవాడు.

ఆ వేసవిలో ఆయన పని చేస్తున్నది గుమ్మడిగెడ్డ స్టేషన్‌లో. మన్యం నుంచి కిందికి దిగే గంజాయికి ఆ రోడ్డు కూడా ఒక దారి. ఎస్సై మన్మథరావు కొత్తగా వచ్చాడు. చిన్నవాడు, త్వరగా పేరు తెచ్చుకోవాలన్న ఆత్రం ఉన్నవాడు. ఒక ఉదయం ఎస్సైకి ఎవరో ఫోన్ చేసి, తెల్ల వ్యానులో సరుకు దిగుతోందని చెప్పారు. ఎస్సై, సత్యప్రకాష్, కానిస్టేబుల్ తాతాజీ, జీపు డ్రైవరు వెంటనే బయల్దేరి జీడితోటల మలుపు దగ్గర రోడ్డుకి అడ్డంగా డ్రమ్ములు పెట్టారు.

వ్యాను వచ్చింది. తాతాజీ రోడ్డు మధ్యకెళ్ళి చెయ్యెత్తాడు. వ్యాను నెమ్మదించింది, ఆగినట్టే ఆగింది. తాతాజీ రెండడుగులు ముందుకు వేశాడు. అప్పుడు ఒక్కసారిగా దూకింది. తాతాజీ ఎగిరి పక్కకి పడ్డాడు, ఎడమకాలు చక్రం కింద నలిగింది. డ్రమ్ములకు తగిలి వ్యాను ముందుకు పోలేకపోయింది. డ్రైవరు వెనక్కి తీసి, స్టీరింగు పూర్తిగా తిప్పి, తోటల్లోకి వెళ్ళే మట్టిబాట పట్టబోయాడు. అలా తిప్పినప్పుడు వ్యాను ముందు అద్దం సరిగ్గా సత్యప్రకాష్ ఎదురుగా వచ్చింది. ఆయన రైఫిల్ అప్పటికే భుజానికి ఆనించి ఉంది.

జీపు అవతలి నుంచి ఎస్సై అరిచాడు. "కాల్చు ప్రకాష్! కాల్చు!"

సత్యప్రకాష్ కాల్చలేదు. గొట్టం కిందికి దించాడు. ఎస్సై పిస్టల్ తీసుకుని ఇటు వచ్చేసరికి తోటల్లో ఎర్రదుమ్ము తప్ప ఏమీ లేదు.

"ఎందుకు కాల్చలేదు?" అన్నాడు ఎస్సై. తాతాజీ ఒక పక్క కేకలు పెడుతున్నాడు, అయినా ముందు అడిగింది ఆ ప్రశ్నే.

"పాప ఉంది సార్. ముందు సీట్ల మధ్య నిలబడి ఉంది."

"పాపా? ఏ పాప? నాకు కనపడలేదే." జీపు డ్రైవరు వైపు తిరిగాడు. "నీకు కనపడిందా?"

డ్రైవరు ఎస్సై ముఖం చూసి, తర్వాత సత్యప్రకాష్ ముఖం చూసి, "లేద్సార్" అన్నాడు.

తాతాజీని నర్సీపట్నం తెచ్చి, అక్కణ్ణించి విశాఖ తీసుకెళ్ళారు. కాలు దక్కింది కానీ మోకాలు వంగదని డాక్టర్లు చెప్పేశారు. సత్యప్రకాష్ చూడటానికి వెళ్తే, వార్డు బయటే తాతాజీ భార్య నూకరత్నం ఎదురైంది. తాతాజీ పెళ్ళిలో సత్యప్రకాష్ దగ్గరుండి వడ్డన చేయించాడు. అప్పట్నుంచీ ఆమె ఆయన్ని అన్నయ్యగారూ అని పిలిచేది.

"ఎందుకొచ్చేరు?" అంది. "తుపాకీ ఒట్టుకొని బొమ్మలా నిలబడ్డారంట గదా. మావోడి కాలి మీద బండి ఎక్కించీసినోడు ఎదురుగుంటే మీకు కాల్చడానికి సెయ్యి రాలేదా? ఎంతిచ్చేరేటి?"

ఆమె లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. లోపల తాతాజీ మెలకువగానే ఉన్నాడని తలుపు సందులోంచి కనపడింది. అటు తిరిగి పడుకున్నాడు.

'ఎంతిచ్చేరు' అన్న మాట నూకరత్నానికి తనంతట తోచింది కాదు. అప్పటికే ఎస్సై మన్మథరావు పైఅధికారులకు చెప్పిన సంగతి అది. గురిలో మెడల్స్ తెచ్చుకున్న మనిషి, పది గజాల్లో ఎదురుగా వచ్చిన బండి మీద ఒక్క గుండూ పేల్చలేదంటే కారణం ఉండాలి కదా అన్నది ఆయన వాదన. ఫోన్ కాల్స్ తీయించారు. ఆ ఉదయం స్టేషన్ నుంచి బయల్దేరే ముందు సత్యప్రకాష్‌కి ఒక కాల్ వచ్చినట్టు తేలింది. చేసినవాడు తోమా.

తోమా సత్యప్రకాష్ చిన్నాన్న కొడుకు. గొలుగొండలో ఉంటాడు, ఆటో తోలతాడు. ఒకప్పుడు అతని ఆటోలో ఎవరో ప్రయాణికుడు వదిలేసి పారిపోయిన సంచిలో గంజాయి దొరికింది. తోమాని పట్టుకెళ్తే సత్యప్రకాష్ వెళ్ళి, వీడలాంటివాడు కాదని చెప్పి విడిపించాడు. ఆ తర్వాత తోమా మీద ఏ మచ్చా లేదు. కానీ ఇప్పుడు ఆ పాత సంగతి, ఈ కొత్త కాల్ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా ఒకటే అర్థం తోస్తుంది.

విచారణ డీఎస్పీ జగదీశ్వరరావుకు అప్పగించారు. వయసులో పెద్దవాడు, గొంతు పెంచకుండా మాట్లాడతాడు. మొదటిసారి పిలిచినప్పుడు కుర్చీ చూపించి కూర్చోమన్నాడు.

"తోమా ఏమడిగాడు?"

"డ్యూటీ ఎక్కడని అడిగాడు సార్."

"నువ్వేం చెప్పావు?"

సత్యప్రకాష్ దాచలేదు. "జీడితోటల మలుపు కాడని చెప్పాను సార్. మా ఇంట్లోవాడు కదా అనుకున్నాను. ఎందుకని అడిగితే, సాయంత్రం మాటాడతానని పెట్టేశాడు."

"తనిఖీకి వెళ్తూ చోటు చెప్పావు."

"తప్పే సార్. కానీ నా వల్ల వాళ్ళకి తెలిసి ఉంటే ఆ దారిన ఎందుకొస్తారు సార్? వేరే దారిలో పోతారు కదా?"

పక్కనే ఉన్న మన్మథరావు నవ్వాడు. "నువ్వు కాల్చవని తెలిసిందనుకో, ఏ దారైతే ఏం?"

డీఎస్పీ ఎస్సైని వారించలేదు, సమర్థించనూ లేదు. సత్యప్రకాష్ ముఖమే చూస్తూ కూర్చున్నాడు. ఆ చూపు సత్యప్రకాష్‌కి బాగా తెలుసు. తాను కూడా ఎదుటి బల్ల వెనక కూర్చుని ఎంతోమందిని అలాగే చూశాడు. ఆ చూపు ముందు నిజం చెప్పేవాడూ అబద్ధం చెప్పేవాడూ ఒకేలా తడబడతారని ఆయనకి మొదటిసారి తెలిసింది.

సస్పెండ్ చేశారు. యూనిఫాం బీరువాలో పెట్టి ఇంట్లో కూర్చున్నాడు. ఇంటికి ఎదురు సందులో రోజూ ఒక మోటారుసైకిలు ఆగి ఉండేది. దాని మీద కూర్చునే మనిషి మఫ్టీలో ఉన్న కానిస్టేబులేనని కాళ్ళకున్న బూట్లు చూసి పోల్చుకున్నాడు. ఒకరోజు గ్లాసుడు మజ్జిగ తీసుకెళ్ళి ఇస్తే, అతను తాగాలో వద్దో తేల్చుకోలేక అటూ ఇటూ చూశాడు. చివరికి తాగలేదు.

ఇంట్లో కూడా గాలి మారింది. ప్రేమజ్యోతి ఏమీ అనేది కాదు. కానీ సత్యప్రకాష్ స్నానానికి వెళ్ళి వచ్చేసరికి తన ఫోన్ పెట్టిన చోట ఉండేది కాదు, కొంచెం జరిగి ఉండేది. ఒక మధ్యాహ్నం ఆమె చిక్కుడుకాయలు తుంచుతూ, తలెత్తకుండానే అడిగేసింది.

"నాకు నిజం సెప్పండి. తోమా మీకేటైనా ఇచ్చాడా?"

"నువ్వు కూడానా జ్యోతీ?"

"నేనడక్కపోతే ఇంకెవులడుగుతారు? ఆస్పత్రిలో రోజూ నన్నడుగుతన్నారు. మందులకొచ్చినోళ్ళు కూడా. మా ఆయన పాపని సూసేరని సెప్తే ఒకరి మొహం ఒకరు సూసుకుంటన్నారు. ఆ పాప ఏదండీ? ఇన్నాళ్ళయినా మా పాప బండిలో ఉందని ఒక్కరైనా రాలేదేటి?"

"నేను సూసేను."

"సూసేరో, సూసేననుకున్నారో."

ఆ మాట ఆయన్ని పట్టుకుంది. ఎండ, దుమ్ము, అద్దం మీద మెరుపు, తాతాజీ కేక. అంత గందరగోళంలో తాను చూసింది నిజంగా పిల్ల ముఖమేనా? సీటుకి తగిలించిన బొమ్మ కావచ్చు, మడతపెట్టిన దుప్పటి కావచ్చు. కళ్ళు మూసుకుంటే ఎర్ర రిబ్బను కనపడేది. మళ్ళీ మళ్ళీ తలుచుకోవడం వల్ల ఆ రిబ్బను తానే కల్పించుకున్నాడేమోనన్న అనుమానం వచ్చింది. మనుషుల్ని చంపడానికి భయపడే పిరికితనం తనలో ఎక్కడో ఉండి, దానికి పాప అనే సాకు పెట్టుకున్నాడేమోనని కూడా అనిపించింది.

కొన్నాళ్ళకి ఆ వ్యాను కోటవురట్ల వైపు ఒక జీడితోటలో దొరికింది. అది పట్టుకుని లాగితే డ్రైవరు తుని దగ్గర దొరికాడు. పోలీసులు ఆపకుండా ఉండాలని కుటుంబం వెళ్తున్నట్టు కనపడేలా ఒక ముసలమ్మని, ఆమె మనవరాలిని బండిలో ఎక్కించుకున్నామని అతను చెప్పాడు. ఎస్. రాయవరం దగ్గర పల్లెలో ఉన్న ఆ ముసలమ్మని, అచ్చియమ్మని, వెతికి తీసుకొచ్చారు. కొండ మీద చుట్టాలింటికి వెళ్ళి బస్సు కోసం నిలబడితే, ఊరికే దింపుతామని ఎక్కించుకున్నారని, అడుగున ఏముందో తనకు తెలియదని ఆమె ఏడ్చింది. మనవరాలి పేరు గౌతమి. ఆమె వెనక సీట్లో కూర్చుంది, వెనకైతే పిల్లకి వాంతులవుతాయని ముందు సీట్ల మధ్య నిలబెట్టారు.

ఆ కబురు తెలిసి సత్యప్రకాష్ చాలా రోజుల తర్వాత కడుపునిండా అన్నం తిన్నాడు. ప్రేమజ్యోతి వడ్డిస్తూ ఏడ్చింది. క్షమించమని అనలేదు కానీ ఫోన్ తీసుకొచ్చి ఆయన పక్కనే పెట్టింది.

మర్నాడు డీఎస్పీ పిలిపించాడు. సంతోషంగా వెళ్ళాడు.

"పాప ఉంది. నువ్వు చెప్పింది నిజమే," అన్నాడు జగదీశ్వరరావు. "ఇప్పుడు ఒక్క సంగతి చెప్పు. ఎస్సై చూడలేదు. జీపు డ్రైవరు చూడలేదు. బండికి ఎదురుగా నిలబడ్డ తాతాజీయే చూడలేదన్నాడు. ఎండలో, దుమ్ములో, కదిలే బండిలో నీ ఒక్కడికే ఎలా కనపడింది?"

"కనపడింది సార్."

"కనపడిందా, ముందే తెలుసా?"

సత్యప్రకాష్‌కి లెక్క అర్థమైంది. పాప లేకపోతే అబద్ధాలకోరు. పాప ఉంటే ముఠాలో మనిషి. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు.

అక్కడే, ఆ మెట్ల మీదే, మొదటిసారి తోమా గురించి వేరేగా ఆలోచించాడు. తనకైతే ఏమీ తెలియదు. తోమాకి తెలుసేమో? ఆ ఉదయం ఆ ప్రశ్న ఎందుకడిగాడు? సాయంత్రం మాట్లాడతానన్నవాడు ఆ తర్వాత ఒక్కసారీ ఫోన్ చెయ్యలేదేం? తాను చేస్తే మోగి మోగి ఆగిపోతోంది. సస్పెండ్ అయిన అన్నని చూడటానికి గొలుగొండ నుంచి ఆటో ఉన్నవాడు రాలేడా?

ఆదివారం చర్చి దగ్గర గొలుగొండ నుంచి వచ్చిన ఒకాయన మాటల మధ్యలో అన్నాడు. "మీ తోమా పాక పీకీసి రేకుల ఇల్లు ఏసీసేడు గదా, సూడలేదేటి మీరు?" అని. అనేసి నాలుక కరుచుకుని, చెప్పుల కోసం వెతుక్కుంటున్నట్టు పక్కకి జరిగిపోయాడు.

సత్యప్రకాష్ ప్రార్థన అయ్యేదాకా ఆగలేదు. బండి తీసుకుని నేరుగా గొలుగొండ వెళ్ళాడు. దారి పొడుగునా ఒక్కొక్కటీ అతుక్కుపోయాయి. ఫోన్, ఇల్లు, ముఖం చాటెయ్యడం. తన మీద మన్మథరావు అల్లిన కథ ఎంత చక్కగా అతికిందో, తోమా మీద తాను అల్లిన కథ అంతకంటే చక్కగా అతికింది.

తోమా ఇంటి ముందు ఆటో కడుగుతున్నాడు. అన్నని చూసి చేతిలో గుడ్డ పడేసి ఇంట్లోకి వెళ్ళబోయాడు.

"ఎక్కడికెల్తన్నావు? ఆగు."

"అన్నియ్యా, నువ్వు రాకూడదు. ఎవులైనా సూస్తే..."

"సూస్తే ఏటవుద్ది? ఎవులకి భయపడతన్నావు? ఆ రోజు నా డూటీ ఎక్కడని ఎందుకడిగేవు?"

తోమా వీధిలోకి చూశాడు. ఆ చూపు సత్యప్రకాష్‌కి చాలు అనిపించింది. అరచెయ్యి చాచి చెంప మీద కొట్టాడు. అంత బలంగా కొట్టగలనని తనకే తెలియదు. తోమా ఆటో మీద పడి, జారి, నేల మీద కూలబడ్డాడు. మళ్ళీ కొట్టాడు. "ఎవులికి సెప్పేవు? ఎంత తీసుకున్నావు?" అని అరిచాడు. ఏళ్ళ తరబడి స్టేషన్ గోడల లోపల విన్న మాటలవి. ఇంతకు ముందు ఆయన నోటి నుంచి ఎప్పుడూ రాలేదు.

లోపల్నుంచి తోమా భార్య ఎస్తర్ రాణి పరుగెత్తుకొచ్చి మధ్యలో పడింది. "ఏటి బావగారూ! ఏటి సేసేడని?"

"ఈ ఇల్లు ఎక్కడిది?"

"గవర్నమెంటిల్లు! శాంక్షనయ్యి ఏడాదయింది. ఊళ్ళో ఎవుల్నైనా అడగండి."

తోమా చెవి పట్టుకుని కూర్చున్నాడు. వేళ్ళ మధ్య నుంచి సన్నగా రక్తం కారుతోంది. "కొత్తింట్లో పార్దన పెట్టుకున్నాం," అన్నాడు, మాట ఆగి ఆగి వస్తోంది. "నిన్ను పెద్దోడిగా ఎదురుగా వొచ్చి పిలుద్దామని. అందుకే డూటీ ఎక్కడని అడిగేను. ఈలోగా ఇదంతా అయిపోనాది. పోలీసులు నా ఫోన్ పట్టుకెల్లి రెండ్రోజులు కూకోబెట్టేరు. మీ అన్నతో మాటాడితే నీకూ ఆడికీ కూడా కేసే అన్నారు. నీ మంచికని ఎత్తలేదు అన్నియ్యా."

సత్యప్రకాష్ తన చేతిని చూసుకున్నాడు. తర్వాత ఇద్దరినీ ఆటో ఎక్కించి, తానే తోలుకుని నర్సీపట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

"ఎలా తగిలింది?" అని డాక్టరు అడిగాడు.

"ఆటో కడుగుతా జారి పడిపోనాడండి," అంది ఎస్తర్ రాణి. పోలీసువాడితో వచ్చినప్పుడు ఏం చెప్పాలో ఆమెకెవరూ నేర్పలేదు, అయినా తెలుసు.

"కాదు డాక్టరు గారూ. నేనే కొట్టాను," అన్నాడు సత్యప్రకాష్. "హెడ్ కానిస్టేబుల్‌ని. అలాగే రాయండి."

డాక్టరు పెన్ను ఆపి ఆయన్ని పరీక్షగా చూశాడు. పోలీసు మనిషి తనంతట తాను ఇలా ఒప్పుకుంటున్నాడంటే వెనక ఏదో ఎత్తు ఉందనుకున్నట్టున్నాడు. ఇంకో డాక్టరుని కూడా పిలిచి ఆయన ఎదుట మళ్ళీ చెప్పించాడు. కర్ణభేరి చిరిగిందని తేల్చారు. ఆసుపత్రి నుంచి కబురెళ్ళి ఒక కానిస్టేబుల్ వచ్చి, ఫిర్యాదు రాసుకోమంటావా అని తోమాని అడిగాడు. తోమా వద్దన్నాడు. ఆ ముక్క కూడా ఊళ్ళో తిరిగింది. కేసు పెట్టలేదంటే ఇద్దరూ ఒకటేనని కొందరు, అనుమానం పోగొట్టుకోవడానికి కొట్టినట్టు నాటకమాడారని కొందరు.

ఆ రోజు ప్రేమజ్యోతి సంగతంతా విని, "కాల్చమన్నప్పుడు ఆగినోరు ఇక్కడ ఎందుకాగలేకపోయారండీ?" అంది.

"అక్కడ పాప కనపడింది," అన్నాడు. "ఇక్కడ తోమా కనపడలేదు. దొంగే కనపడ్డాడు."

వారం తిరక్కుండానే తాతాజీ కబురు పెట్టాడు. అప్పటికి అతను విశాఖ నుంచి ఇంటికొచ్చి ఉన్నాడు. నూకరత్నం తలుపు తీసి, ఏమీ అనకుండా పక్కకి తప్పుకుంది. తాతాజీ మంచం మీద కాలు చాపుకుని కూర్చున్నాడు.

"తోమాని కొట్టేవంట అన్నా."

"కొట్టేను."

"ఎందుకు?"

"అనుమానవొచ్చింది."

తాతాజీ కాలు వైపు చూశాడు. "నాకూ వొచ్చింది. నీ మీద," అన్నాడు. "అన్నా, ఆ పాపని నేను సూసేను. బండి నా మీదకి దూకినప్పుడే సూసేను. ఎర్ర రిబ్బను. నోరు తెరిసి ఏడుస్తంది."

సత్యప్రకాష్ మంచం అంచున కూర్చున్నాడు. "మరి సూడలేదని ఎందుకు సెప్పేవు?"

"ఆస్పత్రిలో మెలకువొచ్చీసరికి ఎస్సైగారు పక్కనున్నారు. మనోడే అమ్మీసేడు తాతాజీ, అన్నారు. కాలు సూసుకున్నాను. నిజవేనేమో అనిపించింది. పాపని సూసి నువ్వు ఆగేవని ఒప్పుకుంటే మరి నేనెవుల్ని తిట్టుకోవాల? బండోడు దొరకలేదు. నువ్వు దొరికేవు." చేత్తో కాలు పక్కకి జరుపుకున్నాడు. "తోమా సంగతి విన్నాక నాకు నిద్ర పట్టలేదన్నా. ఇలగైతే అందరం ఒకరినొకరు కొట్టుకోడవే. డీఎస్పీగారికి సెప్తాను."

చెప్పాడు. చివరి విచారణ రోజున చేతికర్ర మీద నడుచుకుంటూ వచ్చి చెప్పాడు. జగదీశ్వరరావు అంతా విని, మెల్లగా అడిగాడు. "ఈ మధ్య మీరిద్దరూ కలిసి మాట్లాడుకున్నారా?"

"మాటాడుకున్నాం సార్."

"ఎర్ర రిబ్బను సంగతి కూడా?"

"అదీ మాటాడుకున్నాం సార్."

డీఎస్పీ తల పంకించాడు. అంటే ఆ సాక్ష్యం కూడా సగమే నిలిచింది. తర్వాత అచ్చియమ్మని పిలిచాడు. గదిలో మామూలు బట్టల్లో కొంతమంది పోలీసులు నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఎవరినైనా ఎప్పుడైనా చూశావా అని అడిగాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒక్కొక్కరి దగ్గరా ఆగి చూసి, సత్యప్రకాష్ ముందు నిలబడిపోయింది.

"ఈ బాబే. తుపాకీ మా మీదకి ఎత్తేడు. పిల్లని నా ఒళ్ళోకి లాగీసేను. అయిపోనాం అనుకున్నాను. మళ్ళీ దించీసేడు."

"అంతకు ముందు ఎప్పుడైనా చూశావా?"

"నేదు బాబూ. నానెందుకు సూస్తాను?"

జగదీశ్వరరావు ఆమెను పంపించేసి, ఇంకేమైనా చెప్పుకోవాలా అని సత్యప్రకాష్‌ని అడిగాడు.

"ఉంది సార్. నేను తోమా అనేవాణ్ణి అతని ఇంటి ముందు కొట్టాను. చెవి పోయింది. ఏ తప్పూ చెయ్యలేదు సార్ వాడు."

టైపు చేస్తున్న గుమాస్తా చేతులు ఆగాయి. డీఎస్పీ అతనికి వద్దన్నట్టు వేలు ఊపాడు. "అది ఈ విచారణలోకి రాదు," అన్నాడు. "నీకు మేలు చేసే మాటలేవైనా ఉంటే చెప్పు."

"లేవు సార్."

ఫలితం వచ్చేసరికి వర్షాలు మొదలయ్యాయి. ముఠాతో సంబంధం రుజువు కాలేదన్నారు. లేదని అనలేదు, రుజువు కాలేదనే అన్నారు. పైఅధికారి ఆజ్ఞ పాటించనందుకు, తనిఖీ చోటు బయట చెప్పినందుకు ఇంక్రిమెంటు ఆపి, కోర్టు డ్యూటీకి వేశారు. మన్మథరావు వేరే స్టేషన్‌కి బదిలీ అయ్యాడు. వెళ్ళేముందు ఎదురైతే, "ఏదేమైనా నువ్వు అదృష్టవంతుడివయ్యా" అన్నాడు. అందులో వెటకారం ఎంతో, నిజంగా అన్నది ఎంతో సత్యప్రకాష్‌కి తేలలేదు.

తోమాకి ఎడమ చెవి వినికిడి తిరిగి రాలేదు. కొత్తింటి ప్రార్థన సత్యప్రకాష్‌ని పిలవకుండానే జరుపుకున్నారు. ఆయన వెళ్తే తోమా మాట్లాడతాడు, ఆటో సంగతులూ వానల సంగతులూ చెబుతాడు. ఎస్తర్ రాణి మాత్రం ఆయన ఉన్నంతసేపూ గుమ్మంలోనే నిలబడి, ఆయన చేతుల వైపు చూస్తూ ఉంటుంది. ఆయన చెయ్యి కదిపితే ఆమె భుజం బిగుసుకుంటుంది. అది చూసి ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు.

డిపార్ట్‌మెంటులో కొత్తగా వచ్చినవాళ్ళు ఇప్పటికీ కోర్టు వరండాలో ఆయన్ని దూరం నుంచి ఒకరికొకరు చూపించుకుంటారు. తాతాజీకి ఆఫీసులో కుర్చీ పని ఇచ్చారు. మధ్యాహ్నాలు అప్పుడప్పుడు కర్ర టకటకలాడించుకుంటూ కోర్టు దగ్గరికి వస్తాడు. ఇద్దరూ బయట టిఫిన్ బండి దగ్గర పుణుకులు తింటారు. ఈమధ్య ఒకసారి తాతాజీ తినడం ఆపి అడిగాడు.

"అన్నా, కోప్పడకు. ఒక్క మాట. ఆ బండిలో పాప లేదనుకో. డ్రైవరొక్కడే ఉన్నాడనుకో. కాల్చీసేవోడివా?"

సత్యప్రకాష్ కోర్టు గుమ్మం వైపు చూశాడు. కోర్టు లోపల్నుంచి ఎవరినో పేరు పెట్టి మూడోసారి పిలుస్తున్నారు.

"తెల్దు తాతాజీ," అన్నాడు.

తాతాజీ పొట్లంలో మిగిలిన పుణుకు ఆయన వైపు జరిపాడు.